సి డ్రైవ్ నిండిందని విండోస్ భాగాలను తీసేయవచ్చా?

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ కొట్టులో లెక్కలకు వాడే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ 128 జీబీయే. సి డ్రైవ్ నిండిపోయింది. ఎడ్జ్ బ్రౌజర్‌ను, స్టోర్‌ను, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరును ఒక స్క్రిప్టుతో (వరుసగా ఆదేశాలు నడిపే చిన్న ఫైలుతో) తీసేయవచ్చని తెలిసినవారు అంటున్నారు. తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దయచేసి తీయకండి. ముఖ్యంగా విండోస్ తన భాగాల ఫైళ్లను దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ జోలికి అసలు వెళ్లవద్దు. ప్రాపర్టీస్‌లో దాని పరిమాణం చూస్తే ఎవరికైనా తీసేయాలనే అనిపిస్తుంది గానీ, అక్కడ కనిపించే అంకె అసలు కంటే ఎక్కువ. అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్32 వంటి ఫోల్డర్లలోనూ కనిపిస్తాయి. డిస్కు మీద డేటా ఒక్కటే, దానికి చిరునామాలు రెండు, ఎక్స్‌ప్లోరర్ మాత్రం రెండు చోట్లా లెక్క కడుతుంది. ఒక చిరునామాను చెరిపినా రెండోది ఉన్నంతవరకు ఆ జాగా ఖాళీ కాదు. పోయేదల్లా, అప్‌డేట్లు వేసుకోవడానికీ పాడైన ఫైళ్లను బాగుచేసుకోవడానికీ విండోస్ ఆధారపడే నిల్వ. కంప్యూటర్ అసలు ఆన్ కాకపోవచ్చు. లేదా, నెలవారీ భద్రతా అప్‌డేట్ సగంలో ఆగి వెనక్కి మళ్లినప్పుడు గానీ నష్టం బయటపడకపోవచ్చు.

ఎడ్జ్ సంగతి వేరు. ఐరోపా దేశాల్లో అక్కడి చట్టం కారణంగా 2024 నుంచి దాన్ని సెట్టింగ్స్‌లోనే తొలగించే వీలుంది, మన దగ్గర లేదు. బలవంతంగా ఊడబెరికే స్క్రిప్టులు కొన్ని, ఇతర యాప్‌లు తమలో వెబ్ పేజీలు చూపడానికి వాడుకునే వెబ్‌వ్యూ2ను కూడా లాగేస్తాయి. అప్పుడు దానిపై నడిచే కొత్త అవుట్‌లుక్, టీమ్స్ మొరాయిస్తాయి. స్టోర్ పోతే ఫోటోస్, కాలిక్యులేటర్ వంటివాటికి అప్‌డేట్లు అందవు. విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో ఇలాంటి స్క్రిప్టే ప్రింట్ స్పూలర్‌ను (ప్రింటరుకు పనులు పంపే విండోస్ సేవను) ఆపేసింది; వారు ప్రింటరు పాడైందనుకుని కొత్త కేబుల్ కొన్నాక నన్ను పిలిచారు. పైగా, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే కంప్యూటర్‌లో ఎవరు రాశారో తెలియని స్క్రిప్టుకు అడ్మినిస్ట్రేటర్ హక్కులివ్వడం బీరువా తాళాలు అపరిచితుడి చేతికివ్వడమే.

జాగా కోసం డిస్క్ క్లీనప్ తెరిచి, సిస్టమ్ ఫైళ్లను శుభ్రం చేసే బటన్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కు టిక్ పెట్టండి. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో నిజంగా అక్కర్లేని పాత ఫైళ్లను విండోసే చూసి తీసేస్తుంది. సాలిటైర్, ఎక్స్‌బాక్స్ వంటివాటిని సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి నిశ్చింతగా తొలగించవచ్చు. హైబర్నేషన్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపే పద్ధతి) వాడకపోతే దాన్ని ఆపండి, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో సుమారు 3 జీబీ మిగులుతుంది. ట్యాలీ బ్యాకప్‌లను బయటి డిస్కులోకి మార్చండి. నిజానికి మీకు కావలసింది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. పాతదాన్ని యథాతథంగా దానిలోకి క్లోన్ (పూర్తి నకలు) చేయించుకోవచ్చు.

ఒకవేళ స్క్రిప్టును ఇప్పటికే నడిపి ఉంటే, ముందు లెక్కల డేటాను బయటి డిస్కుకు కాపీ చేసి, తర్వాత విండోస్‌ను పాత స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ ప్రయత్నించండి. అది కుదరకపోతే, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 11 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు) దించి, పాత విండోస్ నడుస్తుండగానే సెటప్‌ను తెరిచి, ఫైళ్లను, యాప్‌లను అలాగే ఉంచే ఎంపికతో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.