అమ్మ చీరలకు కత్తెర పెట్టాలంటే చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో కొడుకు, కోడలు, నాలుగేళ్ళ మనవడితో ఉంటున్నాను. మా అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆవిడ ట్రంకుపెట్టెలో 40 నూలు చీరలున్నాయి. వాటితో బొంతలు కుట్టి దానం చేద్దామనుకుని, ఒక వృద్ధాశ్రమంలో సంక్రాంతికల్లా 20 ఇస్తానని మాటిచ్చేశాను. దసరా వెళ్ళిపోయింది, ఒక్కటీ కాలేదు. కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. మా అబ్బాయి "అతుకుల బొంతలు కుట్టుకోవాల్సిన ఖర్మ మనకేంటమ్మా" అంటాడు. బాబుకి ఆయాసం ఉంది కాబట్టి ఆ పెట్టె ఇంట్లో తెరవొద్దని కోడలు అంటోంది. మా వీధిలో కొందరు ఆడవాళ్ళు శనివారం మధ్యాహ్నాలు కలిసి బొంతలు కుడతారు. ఒకసారి వెళ్తే, అక్కడి పెద్దావిడ నేను వేసిన వరస అందరి ముందూ విప్పేసింది. మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 20 సంగతి తేల్చుకుందాం. మీ గుండె మీద బరువులో సగం ఆ అంకెదే.

ఒక మనిషికి సరిపడే బొంత ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. రెండేసి అంగుళాల ఎడంతో నిలువు వరసలు వేస్తే సుమారు 22 వరసలు. బియ్యపు గింజంత కుట్టుతో ఒక్కో వరసకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. కుట్టుపనే ఎనిమిది తొమ్మిది గంటలు. ఉతకడం, పరిచి టాకాలు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడవు కుట్లు) వేయడం, అంచు మడవడం కలుపుకుంటే, రోజుకు గంట చొప్పున ఒక్క బొంతకు 12 రోజులు. అంటే 20 బొంతలకు ఎనిమిది నెలలు. సంక్రాంతికి ఆరు చేయగలిగితే గొప్పే. ఇది మీ చేతకానితనం కాదు, లెక్క వేయకముందే మాట ఇచ్చారు, అంతే. రేపే ఆశ్రమానికి ఫోన్ చేసి "ఆరు ఇస్తాను, మిగతావి ఉగాది తర్వాత చూస్తాను" అని చెప్పండి. చివరి వారంలో చెబితే వాళ్ళకి ఇబ్బంది, ఇప్పుడు చెబితే ఏమీ కాదు.

అదే ఫోన్‌లో ఇంకో మూడు సంగతులు అడగండి. పరుచుకోవడానికి కావాలా, కప్పుకోవడానికా? అక్కడ ఉతికేదెవరు, చేత్తోనా మిషన్లోనా? పక్క తడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? దానం చేసేవాళ్ళు సాధారణంగా మందంగా కుడితే మంచిదనుకుంటారు. మన ఊళ్ళో ధనుర్మాసపు చలికి అంత మందం అక్కర్లేదు. రెండు నూలు చీరల బొంత పొడిగా ఉన్నప్పుడు కిలో దగ్గర తూగుతుంది. తడిస్తే దానికి రెండు మూడింతలు. మూడో చీర కూడా వేస్తే పిండడానికి ఇద్దరు మనుషులు కావాలి, ముసురు రోజుల్లో లోపలి పొర ఆరక బూజు వాసన పట్టి చివరికి మూలన పడుతుంది. అందుకే రెండు చీరలు, ఆరు పొరలు, అంతకు మించొద్దు. దూది నింపిన బొంతలు అసలే ఇవ్వకండి, రెండు ఉతుకులకే దూది ఉండలు కడుతుంది.

కోడలి మాట దగ్గరికొద్దాం. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఏడాదిన్నర మూసి ఉన్న పెట్టెలో దుమ్ముంటుంది. మీ అమ్మగారు కలరా ఉండలు కూడా వేసే ఉంటారు. ఆ ఘాటు ఆయాసం ఉన్న పిల్లాడికి మంచిది కాదు. ఇంకా ముఖ్యమైనది, జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డలకు కలరా ఉండల మధ్య దాచిన బట్ట తగిలితే రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. కాబట్టి పెట్టెను డాబా మీదే తెరవండి. చీరలు రెండు రోజులు నీడలో గాలికి ఆరేసి, ఆ తర్వాత వేణ్ణీళ్ళలో సబ్బుతో ఉతికి ఎండబెట్టాకే కిందికి తీసుకురండి. మళ్ళీ దాచేటప్పుడు ఎండిన వేపాకు చాలు. ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడున్నాడు కాబట్టి సూదులు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి లోపల పెట్టండి. "నువ్వు చెప్పిందే సరైంది, పెట్టె పైనే ఉంచుతాను, ఉతికినవే గదిలోకి తెస్తాను" అని మీ కోడలితో అని చూడండి. తన బిడ్డ ఊపిరి గురించి భయపడే తల్లికి కావాల్సింది వాదన కాదు, ఏర్పాటు.

ఇక కత్తెర. బొంతకు కత్తెర తప్పనిసరి కాదు. మన పెద్దవాళ్ళు చీరను కోయకుండానే కుట్టేవారు. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, మూడు పొరలు వచ్చేస్తాయి. దాని లోపల రెండో చీర మూడు మడతలు. అదే ఆరు పొరల బొంత. చీర చీరగానే ఉంటుంది, ఎప్పుడైనా కుట్లు విప్పితే మళ్ళీ చీరే.

అయినా 40 చీరలనూ ఒకే గంప కింద లెక్కపెట్టకండి. కొన్నింటిని చూస్తే అమ్మ ఆ చీరలో వంటింట్లో నిలబడ్డ రూపమే కళ్ళముందుకొస్తుంది. అవి ఎవరి మంచం మీదో మరకలతో కనబడితే మీరు తట్టుకోలేరు, ఇచ్చిన చోటికి మళ్ళీ వెళ్ళలేరు కూడా. ఆ చీరలు దానానికి కావు. నాలుగైదు తీసి పక్కన పెట్టండి. వాటిలో రెండింటితో, కోయకుండా, మీ మనవడికి ఒక బొంత కుట్టండి. మొదటి బొంత అదే కావాలి. మిగిలినవాటిలో ఏది చూస్తే "ఎవరైనా హాయిగా కప్పుకుంటే బాగుండు" అనిపిస్తుందో అది ఇవ్వండి. ఏడవడం తప్పు కాదు. కానీ ఏడాదిన్నర తర్వాత కూడా నిద్ర, తిండి సరిగా లేకపోతే, బతకాలనిపించకపోతే, బొంతల పని అలా ఉంచి వైద్యుణ్ణి కలవండి. 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏ చీర పనికొస్తుందో చూసే పద్ధతి ఇది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని రెండు బొటనవేళ్ళతో అడ్డంగా లాగండి. పర్రుమంటే లోపలి పొరకే పనికొస్తుంది, పైకి వద్దు. నూలో కాదో అనుమానమైతే ఒక పోగు తీసి కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి పూసలా గడ్డ కడుతుంది. పాలిస్టరు చెమట పీల్చదు, నిప్పు దగ్గర ఒంటికి అంటుకుంటుంది, ముసలివాళ్ళకు ఇవ్వకూడదు. ఎరుపు, మెరూన్ చీరల మీద తడి తెల్లగుడ్డ గట్టిగా రుద్దండి. రంగు అంటితే దాన్ని లేత రంగు చీరతో జత చేయొద్దు. జరీ అంచు ఉన్నవి పక్కన పెట్టండి, గుచ్చుకుంటుంది. ఫాల్ మాత్రం తప్పకుండా విప్పాలి. లేకపోతే ఆ పట్టీ మందం మడతల మధ్య గట్టులా నిలిచి, అక్కడ సూదులు విరుగుతాయి. కొత్త గుడ్డ ఏదైనా కలిపితే ముందే రెండుసార్లు ఉతకండి. పాత చీర కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది ఇప్పుడు మొదలుపెడుతుంది, బొంత ముడతలు పడేది అందుకే.

పరిచేటప్పుడు నేల శుభ్రంగా తుడిచి, ఒక్కో పొరా చేత్తో నిమిరి చదును చేయండి. అరచేయంత ఎడంతో టాకాలు వేయండి, మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు. అంచు నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా మధ్యలో చేరి పొట్టలా ఉబ్బుతుంది. దారం బారెడు తీసి మడిస్తే చాలు. అంతకన్నా పొడవైతే మెలికలు పడి, రాసుకుని తెగుతుంది. మీ అమ్మగారి పెట్టెలో గళ్ళ మంగళగిరి చీర ఉంటే మొదట దాన్నే పైన వేసుకోండి. గళ్ళ గీతలే దారి చూపిస్తాయి, సుద్దముక్క అక్కర్లేదు. మిషన్ మీద కుట్టాలనుకుంటే 16 నంబరు సూది, పొడవు కుట్టు పెట్టండి. సన్న సూది ఆరు పొరల్లో విరుగుతుంది, పైపొర ముందుకు జరుగుతుంది. అంచుకు మాత్రం మిషనే మేలు, మొదట చిరిగేది అంచే కాబట్టి. ఇచ్చేముందు బొంతంతా ఒక అయస్కాంతంతో నిమరండి, విరిగిన సూది మొన ఏదైనా ఉంటే దొరుకుతుంది.

ఆసుపత్రులకు ఇవ్వాలనిపిస్తే, వార్డుల్లో వాళ్ళ దుప్పట్లు వాళ్ళకుంటాయి. వరండాలో పడుకునే రోగుల తోడు మనుషులకు ఇవ్వండి, హెడ్ నర్సును అడిగి. పసిబిడ్డలకైతే చిన్న బొంతలు. రెండు చీరల నుంచి మూడడుగుల ముక్కలు 12 వస్తాయి, నాలుగు పొరల చొప్పున మూడు బొంతలు. పొత్తిగుడ్డల్లా కిందికే వాడమని తల్లికి చెప్పండి. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పైన కప్పకూడదు, ముఖం మీదికి జారితే ఊపిరాడదు. గుండీలు, అద్దాలు, కుచ్చులు వద్దు. వరదల సమయంలో మాత్రం బొంతల తొందర పడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిలాంటి రోజుల్లో ఆరేసుకునే చోటే ఉండదు, పలచని దుప్పటే మేలు. ఇల్లు కడుక్కుని మళ్ళీ చేరాక బొంత ఇవ్వండి.

శనివారం బృందం గురించి. మీ వరస ఎందుకు విప్పారో చెబుతాను. ఒకే బొంత మీద నలుగురు కుట్టినప్పుడు ఒకరి కుట్టు బిగువుగా, ఒకరిది వదులుగా ఉంటే ఆ మధ్య గుడ్డ అలలు పడుతుంది. పొడవు కుట్లలో ముసలివాళ్ళ కాలివేళ్ళు చిక్కుకుంటాయి. విప్పడం సరే, అందరి ముందూ విప్పిన తీరు తప్పు. ఆవిడ మీకు నేర్పాల్సింది, చిన్నబుచ్చకూడదు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే మీరు మళ్ళీ వెళ్ళగలరు. వచ్చే శనివారం పావుగంట ముందు వెళ్ళి, ఒక్కరే ఉన్నప్పుడు "పిన్నిగారూ, మీ కుట్టు కొలత ఒక గుడ్డముక్క మీద వేసివ్వండి, ఇంటి దగ్గర చేయి తిప్పుకుంటాను" అని అడగండి. ఆ ముక్క పక్కన పెట్టుకుని పది వరసలు కుట్టేసరికి చేతికి అలవాటవుతుంది. ఈలోగా అక్కడ ఫాల్ విప్పడం, టాకాలు వేయడం మీరు తీసుకోండి. ఆ పనులకు ఎప్పుడూ మనిషి తక్కువే. నాలుగు వారాల తర్వాత కూడా ఆవిడ అందరిలో చిన్నబుచ్చుతూనే ఉంటే మానేయండి, ఇద్దరు ముగ్గురితో మీ డాబా మీదే మొదలుపెట్టుకోవచ్చు. రెండున్నర గంటలు కూర్చుంటే నలుగురు కలిసి ఒక బొంతకు వరసలన్నీ వేసేయగలరు, మీ ఎనిమిది తొమ్మిది రోజుల కుట్టుపని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

మీ అబ్బాయికి బొంత అంటే లేమి గుర్తొస్తోంది. అది అతని తప్పు కాదు, మన మాటల్లోనే "అతుకుల బొంత" తిట్టయిపోయింది. కానీ ఇదే పనిని బెంగాల్లో కాంథా అని, మరాఠీవాళ్ళు గోధడీ అని గౌరవంగా చెప్పుకుంటారు. మగధలో వరిమళ్ళ గట్లు చూపించి, భిక్షువులు కట్టుకునే చీవరాలకు అలాగే ముక్కలు అతకమని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడికి చెప్పినట్టు, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. అమరావతిలో తిరిగిన భిక్షువులు కట్టుకున్నవీ అతుకుల బట్టలే. ఇవన్నీ మీరు ఉపన్యాసంలా చెప్పనక్కర్లేదు. మనవడి బొంత పూర్తయ్యాక అతని చేతికిచ్చి, "ఇది అమ్మమ్మ పండక్కి కట్టుకునే చీర" అని మాత్రం అనండి. ఆశ్రమానికి ఆరు మోసుకెళ్ళేందుకు ఒక మనిషి, ఒక బండి కావాలి, ఆ పని అతనికే అప్పజెప్పండి.

ఈ ఆదివారం ఎండ ఉంటే పొద్దున ఎనిమిదింటికి పెట్టె డాబా మీదికి చేర్చండి. బాబును కిందే ఉంచమని కోడలికి ముందురోజే చెప్పండి. ఆ రోజు చీరలు విప్పి ఆరేయండి, నాలుగైదు మీకోసం పక్కన పెట్టుకోండి. కుట్టడం ఆ రోజు వద్దు.