పేరు మార్చినంత మాత్రాన దాగుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. చందనోత్సవం నాడు సింహాచలం క్యూలైనులో మా అత్తగారు బంధువుల ముందే నా పుట్టింటివారిని తీసిపారేసినట్టు మాట్లాడారు. ఆ బాధను మారుపేరుతో ఒక బహిరంగ టెలిగ్రామ్ గ్రూపులో రాసుకున్నాను. మా ఆడపడుచు స్క్రీన్‌షాట్లు తీసి అందరికీ పంపింది. ఇది నా గోప్యతకు భంగం కాదా? ఆమెపై సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఫిర్యాదు సంగతి తేల్చేద్దాం. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాట నిజమే కాని, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఎవరికి వారు బహిరంగపరచుకున్న సమాచారాన్ని తన పరిధిలోకి తీసుకోనేలేదు. అటువంటి గ్రూపులో 2,00,000 మంది వరకు చేరవచ్చు, చేరనివారూ చదవవచ్చు. మీరు పేరు మార్చారు గాని క్యూలైనును మార్చలేదు, అత్తగారి మోకాలి ఆపరేషనును మార్చలేదు, పైగా ఆమె ఊతపదాన్ని ఉన్నదున్నట్టు దించారు. (ఈ వివరాల్లో రెండింటిని నేనిక్కడ మార్చి రాశాను, ఆ రాత్రి మీరు చేయవలసిన పని అది.) కన్నతల్లి ఊతపదాన్ని కూతురు గుర్తుపట్టదా? దాన్ని ఆమె ఊరంతా చాటడం తప్పే. అయితే మీ చిక్కు ఆమెతో కాదు.

మూడు పేజీల ఉత్తరంలో మీవారి ప్రస్తావన రెండు చోట్లే ఉంది: క్యూలో తల్లి మాటలు వింటూ ఆయన ఫోను చూసుకుంటూ నిలబడ్డారు, మీరు గ్రూపులో రాసిన రాత్రి నైట్ షిఫ్టులో ఉన్నారు. ఒంటిగంటకు ముక్కూమొహం తెలియనివారికి చెప్పుకున్న మాటను, తెల్లవారి షిఫ్టు దిగి వచ్చి మీ చేతి కాఫీ తాగిన మనిషికి మీరు చెప్పలేదు. భార్య పుట్టింటిని నలుగురిలో చిన్నబుచ్చుతుంటే "అమ్మా, ఇక చాలు" అనడం ఆయన బాధ్యత. అనకపోతే ఎందుకు అనలేదని నిలదీయడం మీ బాధ్యత. దాన్ని తప్పించుకుని "సర్దుకుపోతున్నాను" అని రాశారు. అటువంటి సర్దుబాటును నేను ఓర్పుగా లెక్కించను.

గ్రూపులో మీరు రాసినవి చెరిపివేయండి, ఇతరుల ఫోన్లలోకి వెళ్ళినవి ఎలాగూ మిగులుతాయి. ఆపరేషను సంగతి బయటపెట్టినందుకు అత్తగారికి క్షమాపణ చెప్పండి. ఆమె అన్న మాట మిమ్మల్ని నొప్పించిందన్నందుకు మాత్రం చెప్పవద్దు. మీవారి వీక్లీ ఆఫ్ నాడు ఫోన్లు ఇంట్లో పెట్టి ఇద్దరూ బీచ్ రోడ్డుకు వెళ్ళండి. స్క్రీన్‌షాట్ల ఊసెత్తకుండా, ఆ రోజు క్యూలో ఎందుకు మాట్లాడలేదో అడగండి. ఆడపడుచు సంగతి ఆయనే చూసుకోవాలి. ఆమె ఆయన చెల్లెలు.