ఎస్‌ఆర్ మూసేదాకా మాట్లాడని మనిషి: మా నాన్నగారు

గతించిన తండ్రి గురించి ఆయనను అంతగా ఎరుగని మనవలకు ఏం చెప్పాలని మీరు అడిగారు. నాకూ ఎదురైన ప్రశ్నే గనుక, నేను చెప్పింది రాస్తున్నాను.

మా నాన్నగారు హైదరాబాదులో ఆర్టీసీ సిటీ బస్సు కండక్టరు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఇంటర్ చదువుతో వచ్చి, 1979లో ఉద్యోగంలో చేరి, 2013లో పదవీ విరమణ చేసి, 2019లో గుండెపోటుతో కాలం చేశారు. సర్వీసులో ప్రమోషను గానీ సన్మానం గానీ లేవు. అందువల్ల ఆయన పని ఎలా చేసేవారో చెప్పడమే సబబనిపించింది.

టికెట్ యంత్రాలు రాకముందు కండక్టరు పనిలో సగం గుమాస్తా పనే. ఒక్కో ధరకు ఒక్కో టికెట్ల కట్ట ఉండేది. స్టేజీ మారినప్పుడల్లా ప్రతి కట్టలోనూ పైనున్న టికెట్ నంబరును ఎస్‌ఆర్ అనే లెక్కల కాగితంలో ఎక్కించాలి; అలా ఎక్కించి ముగించడమే ఎస్‌ఆర్ మూయడం. సికింద్రాబాదు నుంచి చార్మినార్ వెళ్లే 8ఏ బస్సులో, అఫ్జల్‌గంజ్ దగ్గర ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుండగా, సీటు అంచుకు నడుము ఆనించి, కాగితాన్ని సంచీ మీద పెట్టుకుని నాన్నగారు ఆ అంకెలు వేయడం నేను చూశాను. చెకింగ్ వాళ్లు ఎక్కేసరికి ఎస్‌ఆర్ మూసి లేకపోతే, డబ్బు పైసాతో సహా సరిపోయినా సంజాయిషీ తప్పదు. అందుకే అది మూసేదాకా ఆయన ఎవరికీ బదులిచ్చేవారు కారు. ఇంట్లోనూ అంతే: చేతిలో పని ముగించి, కళ్లజోడు తీసి, అప్పుడు "ఏంది బిడ్డా" అనేవారు. చుట్టాలు ముభావి అన్నారు గానీ, నా దృష్టిలో అది ఉద్యోగం నేర్పిన శ్రద్ధ.

చిల్లర బాధ్యత అమ్మది. కిరాణా కొట్టులో, గుడి దగ్గర నోట్లిచ్చి రూపాయి, అర్ధరూపాయి బిళ్లలు సంపాదించి రాత్రే సంచిలో కట్టి ఉంచేది. అవి చాలని రోజున నాన్నగారు టికెట్ వెనుక బాకీ రాసిచ్చి, దిగే లోపు తానే పిలిచి చెల్లించేవారు.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టిన సంగతి, ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీది 'జెడ్' ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరిట వచ్చిందని డిపోలో చెప్పుకునే కథ ఆయనకు ఇష్టమైన కబుర్లు. (మా పిల్లలకు నచ్చింది కూడా ఈ ఒక్కటే.)

2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ దిగినప్పుడు, జీతం లేని ఆ రోజుల్లో అమ్మ జాకెట్లు కుట్టింది. డ్యూటీ లేకపోయినా ఆయన తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునేవారు. ఆర్టీసీ వారికి ప్రభుత్వ పింఛను లేదు. ఈపీఎస్-95 అనే భవిష్యనిధి పింఛను పథకం కింద వచ్చే కొద్దిపాటి మొత్తంలోనూ, ఆయన పోయాక అమ్మకు దక్కుతున్నది సగమే.

వీలైతే మీ నాన్నగారి తోటి ఉద్యోగులను త్వరగా కలవండి. మాకు తెలియని సంగతి ఒకటి, పెద్దకర్మ రోజున, ఆయనతో ఏళ్ల తరబడి అదే బస్సు నడిపిన డ్రైవరు మామయ్య చెప్పారు. కంట్రోలరుగా ప్రమోషను వచ్చిందట. జిల్లా డిపోకు వెళ్లాల్సి ఉండగా, అక్కయ్య పదో తరగతి చదువుతోందని వద్దని రాసిచ్చారట. అమ్మను అడిగితే, "మీకు చెప్పొద్దన్నడు" అని వచ్చినవాళ్లకు విస్తళ్లు వేయడానికి లేచింది.