గిన్నెకోడి పిల్లల కాళ్లకు కాల్షియం ఒక్కటే మందు కాదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మెషీన్‌లో పొదిగించిన గిన్నెకోడి పిల్లలు 18 ఉన్నాయి, వయసు 12 రోజులు. అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి బల్బు కింద పెంచుతున్నాం. మేత నూకలు, తవుడు. పుట్టిన మర్నాడే రెండింటికి కాళ్లు చెరోవైపు జారిపోయాయి. ఇప్పుడు మరో మూడు వేళ్లు ముడుచుకుని మోకాళ్ల మీద నడుస్తున్నాయి. కాల్షియం సిరప్ పోస్తున్నా గుణం కనిపించలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సిరప్ ఆపండి. మీ పిల్లలకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు, కాల్షియం లోటు రెండింటికీ కారణంలా లేదు. పైగా కాల్షియం, ఫాస్ఫరస్ మోతాదు మించితే మేతలోని మాంగనీస్ ఒంటికి పట్టదు. అది తగ్గితే కాలి మధ్య కీలు ఉబ్బి, దాని వెనక ఉండే స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) పక్కకు జారి కాలు మెలితిరుగుతుంది. ఒకసారి జారాక ఏ టానిక్కూ దాన్ని వెనక్కి తేలేదు.

వేళ్లు ముడుచుకున్న మూడింటిని ఇవాళే చూడండి. మీరు మోకాలు అంటున్నది నిజానికి పక్షి మడమ. వేళ్లు లోపలికి ముడిచి, మడమల మీద నడుస్తూ, చూపు మాత్రం చురుగ్గా ఉంటే అది చాలావరకు బి2 విటమిన్ లోపమే. తొడ నుంచి దిగే నరం దెబ్బతినడం వల్ల ఇలా అవుతుంది. నూకల్లో బి2 బాగా తక్కువ, తవుడు కలిపినా పిల్లలకు చాలదు. రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) 10 మిల్లీగ్రాములున్న బి-కాంప్లెక్స్ మాత్రను నూరి 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కలపండి. బాగా కుదిపి, ఒక్కో పిల్లకు పొద్దున అర మిల్లీలీటరు, సాయంత్రం అర మిల్లీలీటరు ముక్కు అంచున చుక్కచుక్కగా వేయండి. నోట్లోకి గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా రెండు రోజులు చాలు. వెలుతురుకి బి2 పాడవుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలిపి నీడలో ఉంచండి. ఆలస్యమైతే నరం మళ్లీ కోలుకోదు.

మేత మార్చకపోతే ఈ మందు నిలవదు. గిన్నెకోడి పిల్లలకు మొదటి నాలుగు వారాలు 24 నుంచి 26 శాతం మాంసకృత్తులు కావాలి. బ్రాయిలర్ ప్రీస్టార్టర్ (మాంసం కోళ్ల పిల్లలకు మొదట్లో వేసే మేత) వేసి, రోజుకో ఉడకబెట్టిన గుడ్డు 18 పిల్లలకూ చిదిమి పెట్టండి. ఎండుచేప కలపాలనుకుంటే ఉప్పు పట్టించనిదే తీసుకోండి. లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల మేత) మాత్రం వద్దు, అందులో కాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది, పిల్లల మూత్రపిండాలు తట్టుకోలేవు.

కాళ్లు చెరోవైపు జారడానికి మొదటి కారణం న్యూస్‌పేపరే. నున్నటి కాగితం మీద పట్టు దొరక్క తొడ కీళ్లు విచ్చుకుంటాయి. మొదటి రెండు రోజుల్లో కడితే చాలావరకు సర్దుకునేది. 12 రోజులకు ఆశ తక్కువ, అయినా ప్రయత్నించవచ్చు. మందుల షాపులో దొరికే పేపర్ టేపును మడమ కిందుగా రెండు కాళ్లకూ చుట్టి, నిలబడినప్పుడు సహజంగా ఉండేంత ఎడం వదలండి. బిగిస్తే పాదం వాస్తుంది కాబట్టి రోజూ విప్పి చూడాలి. మూడు నాలుగు రోజుల్లో మార్పు రాకపోతే తీసేయండి. ఈసారి మొదటి వారం పోగులు ఊడిరాని గరుకు గుడ్డ పరవండి, తర్వాత ఊక. మొదట్లోనే ఊక వేస్తే మేత అనుకుని తినేస్తాయి.

కాల్షియం ఎప్పుడు అవసరం? ముక్కును వేలితో మెల్లగా నొక్కితే రబ్బరులా వంగితే అది రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు. అప్పుడు కాల్షియంతో పాటు డి3 విటమిన్, సరిపడా ఫాస్ఫరస్ కూడా కావాలి. పొద్దుటి ఎండ నేరుగా తగలాలి, గాజు అద్దం వెనక నుంచి పడే ఎండతో డి విటమిన్ తయారుకాదు. ముసురు రోజుల్లో మేతలోని డి3 మీదే ఆధారపడాలి.

మెడ తిరగడం, ఆకుపచ్చ విరేచనం, వరసగా చావులు కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు. కీలు వేడిగా వాచినా ఇంటి వైద్యం వద్దు, పశువైద్యుడికి చూపించండి.

మళ్లీ గుడ్లు పెట్టించే ముందు తల్లి కోళ్లకు మూడు వారాలపాటు విటమిన్లు, ఖనిజాలు కలిసిన బ్రీడర్ మేత వేయండి. తల్లికి బి2, మాంగనీస్ తక్కువైతే పిల్లలు గుడ్డులోనే బలహీనపడతాయి.