కాలు తడిస్తే నోట్లోకి నీళ్లు

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఒళ్లంతా ముళ్లున్న తొండ లాంటిది నీటిగుంటలో కాళ్లు పెట్టి నిలబడింది. తల వంచలేదు, నాలుక చాపలేదు. కాసేపటికి వీపంతా తడిసింది, నోరు ఆడించడం మొదలుపెట్టింది. ‘ఇది చర్మంతో నీళ్లు తాగుతుంది’ అని కింద రాశారు. నిజమేనాండీ? మా పెరట్లో తొండలు కూడా అలాగే తాగుతాయా?
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: సగం నిజం తల్లీ. మిగతా సగం దగ్గర నేనే చాలా ఏళ్లు బోర్లా పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మీరు చూసింది ఆస్ట్రేలియా ఎడారుల్లో ఉండే థార్నీ డెవిల్. జానెడుకు మించదు. 1841లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దానికి పెట్టిన శాస్త్రీయ నామం మోలాక్ హారిడస్. అంత భయంకరమైన పేరు మోస్తూ అది తినేది ఉత్త చీమల్ని. పూటకి వందలు, ఒక్కోసారి వేలు. చీమలు ఏరుకోవడానికే తయారైన నోరు అది. మన ఇంటి బల్లిలా నీటిచుక్కను నాకడం దానికి చేతకాదు. గుంట ఎదురుగా ఉన్నా మూతి పెట్టి తాగలేదన్నమాట.

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే రోజుల్లో నేను దీన్ని తీసుకెళ్లి కప్ప పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. ‘కప్ప పొట్ట చర్మంతో నీళ్లు పీల్చుకుంటుంది, ఈ ఎడారి తొండా అంతే’ అని బోర్డు మీద రాసేవాణ్ణి. ఎప్పటి నోట్సో అది. నా ముందువాళ్లు చెప్పారు, నేనూ చెప్పాను. కప్ప సంగతి నిజమే. తొండ సంగతి మాత్రం తప్పని 1962లోనే బెంట్లీ, బ్లూమర్ అనే ఇద్దరు తేల్చేశారు. నీళ్లు దాని చర్మం లోపలికి ఇంకవు, చర్మం మీదే నడిచి నోటికి చేరతాయి. ఒంట్లోకి నీళ్లు రానిచ్చే తోలైతే ఆ ఎండకి ఒంట్లోంచి పోనివ్వదా? ఈ మాత్రం ఆలోచన నాకు అన్నేళ్లూ తట్టలేదు. అడిగిన పిల్లాడూ లేడు లెండి!

ఆ తోలును దగ్గర్నుంచి చూస్తే పొలుసుకీ పొలుసుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి పావు వంతు దాకా వెడల్పు. పైన మూతి ఇరుకు, లోపల కాస్త గుల్ల. వరిమళ్ల మధ్య పంటకాలువల్లా ఈ సందులన్నీ ఒళ్లంతా ఒకదాంట్లో ఒకటి కలుస్తూ చివరికి నోటి మూలల దగ్గర తేలతాయి. కాలు తడిస్తే చాలు, తువ్వాలు కొస బకెట్లో మునిగినప్పుడు తడి పైకి పాకినట్టు నీళ్లు వాటంతట అవే ఎక్కేస్తాయి.

మరి నోరెందుకు ఆడిస్తుంది? మీ దేవుడి గూట్లో ప్రమిద చూడండి. వెలిగించకముందు కూడా వత్తి నూనె పీల్చుకుని కొస దాకా తడుస్తుంది. తడిసి, అక్కడే ఆగిపోతుంది. వెలిగించాక మంట కొస దగ్గర నూనెను కాజేస్తుంటే, ఆ ఖాళీలోకి కింది నూనె వస్తూ ఉంటుంది. ఈ తొండ కథా అంతే. తోలు వత్తి, నోరు మంట. కాలువలు నిండేదాకా ఊరికే నిలబడుతుంది, నిండాక దవడలు ఆడిస్తూ మింగుతుంది. మింగినకొద్దీ గుంటలోంచి మళ్లీ నీళ్లు ఎక్కుతాయి.

ఆ కాలువల్లో ఎన్ని నీళ్లు పడతాయో కూడా కొలిచారు. జర్మనీకి చెందిన ఫిలిప్ కోమాన్స్, ఆస్ట్రేలియాలోని ఫిలిప్ విదర్స్ తదితరులు 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒంటి బరువులో 3.19 శాతం. నలభై గ్రాముల తొండ అనుకుంటే పావు చెంచా నీళ్లు. ‘రాత్రి మంచు తాగి బతికేస్తుంది’ అని అందంగా రాస్తుంటారు చూశారూ, ఆ మంచు లెక్క 0.2 శాతమే వచ్చింది. కాలువలు నిండందే గుటక పడదు కాబట్టి అది తాగడానికి చాలదు. తడి ఇసుకలో నిలబడినా 59 శాతమే నిండాయి. అందుకే కాబోలు, ఇది తడి ఇసుకను కాళ్లతో ఎగజిమ్మి వీపు మీద పోసుకుంటుంది. వీపు మీది తడి కిందికి దిగడం తేలిక కదా. మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి గేదె గుర్తొచ్చింది. అది బురద పూసుకునేది చల్లదనానికి, ఇది దాహానికి.

అమెరికాలో టెక్సాస్ కొమ్ముతొండ ఒకటుంది. వాన పడగానే ఒళ్లు చాపలా పరిచి, తల కిందికి దించి నిలబడుతుంది. దాని కాలువలు ఎలా కట్టి ఉన్నాయంటే నీళ్లు మూతి వైపు సులువుగా పోతాయి, వెనక్కి మాత్రం అంత సులువుగా రావు.

ఇక మీ పెరటి తొండ. వరసకి థార్నీ డెవిల్‌కి చుట్టమే, ఇద్దరిదీ అగామిడే కుటుంబం. కానీ మీది నోరున్న చుట్టం. ఆకు మీది చుక్కని నాలుకతో నాకి తాగుతుంది. మల్లెపాదుకి నీళ్లు పోసేటప్పుడు ఆకుల మీద కూడా కాసిని చిలకరించి, దూరంగా కూర్చుని చూడండి. మీ అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, చేతిలో రాయి లేకుండా.