మొదటి మిడ్ లోపు

కరీంనగర్

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

సోమవారం నుంచి క్లాసులని, కూకట్‌పల్లిలో హాస్టల్ కూడా చూస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. ఒకేసారి చదవక్కర్లేదు, అవసరం పడ్డప్పుడు తీసి చూసుకో.

బీటెక్‌లో చేరిన పిల్లలు చాలామంది ఇంటర్‌లో రెండేళ్లు నలిగాం కదా, ఓ నెల తేలిగ్గా ఉందాం అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పేం లేదు గానీ సెమిస్టర్ లెక్క ఆ నెలని వదిలిపెట్టదు. హాజరు మొదటి రోజు నుంచే పడుతుంది. కాలేజీ అలవాటైంది అనుకునేలోపు మొదటి మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, వచ్చి కూర్చుంటుంది. ఇంటర్ హాస్టల్లో పొద్దున అయిదింటికి లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టిన వార్డెన్ ఇక్కడ ఉండదు. పరీక్ష ఎప్పుడో, ఎంత సిలబస్సో ఎవరూ వెంటపడి చెప్పరు. మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులు పోగొట్టుకునేవాళ్లు చాలావరకు తెలివి తక్కువై పోగొట్టుకోరు, ఈ లెక్క ఆలస్యంగా తెలుసుకుని పోగొట్టుకుంటారు.

అందుకని ముందు రెండు కాగితాలు సంపాదించు. ఒకటి మీ బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్స్, అంటే హాజరు, మార్కుల నియమాలు. రెండోది అకడమిక్ క్యాలెండర్. రెండూ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. సీనియర్ల మాట మీద ఆధారపడకు, వాళ్ల రెగ్యులేషన్ వేరే అయి ఉండొచ్చు. నేను కింద చెప్పే అంకెలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22వి, అంటే 2022లో మొదలైన రెగ్యులేషన్‌వి. మీకు వేరేది వర్తిస్తే అంకెలు మార్చుకో, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

హాజరు అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణానికి ఆధారం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మాఫీ, అడగాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్. అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, తర్వాతి ఏడాది జూనియర్లతో కూర్చుని మళ్ళీ చదవాలి.

సెమిస్టర్‌కి సుమారు 90 పని దినాలనుకో. అందులో పాతిక శాతం అంటే 22 రోజులు. చాలా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ శుక్రవారం మధ్యాహ్నం సికింద్రాబాద్ జేబీఎస్‌లో ఊరి బస్సెక్కి, సోమవారం మధ్యాహ్నానికి తిరిగొస్తే శుక్రవారం సగం, శనివారం మొత్తం, సోమవారం సగం కలిపి రెండు రోజులు పోతాయి. పదిహేను రోజులకోసారి అలా వస్తే నాలుగు నెలల్లో పదహారు. బతుకమ్మ, దసరా సెలవులకి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు కలుపుకోవడం మనవాళ్లందరికీ అలవాటే. ఇరవై అయింది. ఇక జ్వరం వస్తే పడుకోవడానికి రెండు రోజులే మిగిలాయి. అందుకే శనివారం క్లాసులయ్యాక బయల్దేరి ఆదివారం సాయంత్రం తిరుగు బస్సెక్కే ప్రయాణాలే పెట్టుకో. ల్యాబ్ మధ్యాహ్నం ఎగ్గొడితే ఒక్కటి కాదు, మూడు పీరియడ్లు పోతాయని గుర్తుంచుకో. నిజంగా ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు చీటీ, మందుల బిల్లు ఆ వారంలోనే క్లాస్ ఇన్‌చార్జికి ఇచ్చి, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. సెమిస్టర్ చివర్లో తెచ్చే మెడికల్ సర్టిఫికెట్‌ని ఎవరూ నమ్మరు, నమ్మకపోవడంలో వాళ్ల తప్పూ లేదు.

ఇక మార్కులు. ఒక్కో థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ 40, సెమిస్టర్ చివరి పరీక్ష అంటే ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్‌లో 30 మిడ్‌లవి, 5 అసైన్‌మెంట్లవి, మిగతా 5 వైవా లేదా ప్రెజెంటేషన్‌వి. రెండు మిడ్‌లు ఉంటాయి. ఒక్కోటి రెండు గంటలు, 10 మార్కులకి ఆబ్జెక్టివ్, 20కి డిస్క్రిప్టివ్. రెండింటి సగటు తీస్తారు, మంచిదాన్ని తీసుకోరు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదటి మిడ్‌లో 10, రెండో దాంట్లో 28 వచ్చినా చేతికొచ్చేది 19. మొదటి మిడ్‌లో పోయిన ప్రతి రెండు మార్కులకి ఒక మార్కు శాశ్వతంగా పోయినట్టే, రెండో మిడ్‌లో ఎంత రాసినా అది తిరిగి రాదు.

పాసవడానికి ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, మొత్తం మీద 40 రావాలి. ఇంటర్నల్ 30 ఉన్న పిల్ల ఎక్స్‌టర్నల్‌లో 21 తెచ్చుకుంటే చాలు. ఇంటర్నల్ 15 ఉన్న పిల్లకి 25 కావాలి. ఆ నాలుగు మార్కులే సప్లీ దాకా, అంటే తప్పి మళ్ళీ పరీక్ష రాసే దాకా తీసుకెళ్తాయి.

మొదటి మిడ్ సిలబస్ అయిదు యూనిట్లలో మొదటి రెండున్నర. క్యాలెండర్‌లో ఆ తేదీ చూసి, వెనక్కి లెక్కపెట్టి, వారం ముందుకల్లా ఆ రెండున్నర యూనిట్లు ఒకసారి పూర్తయ్యేలా పెట్టుకో. రోజూ గంటన్నర చాలు. కానీ ఆ గంటన్నర అదే రోజు చెప్పిన పాఠం మీద పెట్టాలి, ఆదివారానికి దాస్తే కుప్పపడుతుంది.

సబ్జెక్టుల సంగతికొస్తే, మ్యాథ్స్‌లో మ్యాట్రిసెస్ అనగానే ఇంటర్‌లో చేసిందే కదా అనిపిస్తుంది. మొదటి లెక్కలు నిజంగానే అలాగే ఉంటాయి. మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కోవడానికి రో (అడ్డు వరుస) ఆపరేషన్లు చేస్తాం, ఐగెన్ విలువలు కనుక్కునేటప్పుడు అలవాటు కొద్దీ అవే చేసి మ్యాట్రిక్స్‌ని సులువు చేయాలని చూస్తారు. అలా చేస్తే ర్యాంకు మారదు గానీ ఐగెన్ విలువలు మారిపోతాయి, లెక్కంతా తప్పు. ఐగెన్ విలువలు వచ్చాక రెండు పరీక్షలు పెట్టు. వాటి మొత్తం ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తానికి సమానం కావాలి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కి సమానం కావాలి. అర నిమిషం పని, తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. రో ఆపరేషన్ చేసిన ప్రతిసారీ ఏ వరుసలోంచి ఎన్ని రెట్లు తీశావో పక్కన రాయి. మధ్యలో కూడిక తప్పినా పద్ధతి కనబడితే కొన్ని మార్కులు ఇస్తారు, కనబడకపోతే ఇవ్వడానికి ఏమీ ఉండదు.

నీకు పూర్తిగా కొత్తది సీ ప్రోగ్రామింగ్. వీడియోలు చూస్తూ అర్థమైందని తలూపితే రాదు. పరీక్షలో కంప్యూటర్ ఉండదు, ప్రోగ్రామ్ కాగితం మీద రాయాలి. కాబట్టి కాగితం మీదే నేర్చుకో. ఒక్కో వేరియబుల్‌కి ఒక గడి గీసి, లూప్ తిరిగిన ప్రతిసారీ గడిలో విలువ మార్చి రాయి. ఇలా ఇరవై ప్రోగ్రామ్‌లు చేశాక భయం దానంతటదే పోతుంది. మొదట్లో అందరూ చేసే తప్పులు నాలుగైదే. స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు యాంపర్సాండ్ మర్చిపోతే ప్రోగ్రామ్ కంపైల్ అయినట్టే అయి, నడిపేటప్పుడు కూలిపోతుంది. ఇఫ్‌లో రెండు ఈక్వల్ గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెడితే పోల్చడం మానేసి విలువనే మార్చేస్తుంది. ఫర్ లూప్ బ్రాకెట్ వెంటనే సెమికోలన్ పడితే లూప్ ఖాళీగా తిరిగి ఊరుకుంటుంది. 5/2 అంటే పూర్ణాంకాల్లో 2, రెండున్నర కాదు. పది గడుల అర్రేలో చివరి గడి నంబరు 9. ఈ ముక్కలు నీ ల్యాబ్ పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకో.

ఎలక్ట్రికల్‌లో మెష్ (సర్క్యూట్‌లో ఒక్కో చుట్టు) లెక్కలకి అన్ని కరెంట్లూ ఒకే దిశలో, సవ్యదిశలో అనుకుని మొదలుపెట్టు, ప్లస్ మైనస్ తప్పులు సగం తగ్గుతాయి. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ బొమ్మల్లో ఫస్ట్ యాంగిల్ అంటే ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వై గీతకి పైన, టాప్ వ్యూ కింద. తారుమారు చేస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా మార్కులు రావు. కెమిస్ట్రీ నువ్వు చదవగలవు, దాని గురించి నాకు బెంగ లేదు.

ల్యాబ్‌లో అబ్జర్వేషన్ పుస్తకం మీద సంతకం ఆ రోజే పెట్టించుకో. రికార్డు ఆ రాత్రే రాసెయ్. నాలుగు వారాల రికార్డులు పోగేసుకుని, మిడ్ ముందు రాత్రి పక్కవాళ్లది చూసి కాపీ కొట్టే పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఆ గదిలో నువ్వు ఉండకు.

స్కాలర్‌షిప్ సంగతి జాగ్రత్తగా విను, ఇది మీ బాపు జేబుకి సంబంధించింది. మనం బీసీ, నీ ఎప్‌సెట్ ర్యాంకు పది వేలు దాటింది. కాబట్టి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తి ఫీజుకి రాదు, ఏడాదికి 35,000 రూపాయల వరకే. మిగతాది ఇంటి నుంచి కట్టాలి. ఈపాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు తెరుచుకోగానే చేసెయ్, చివరి తేదీ పొడిగిస్తారులే అని కూర్చోకు. టెన్త్ మెమోలో పేరు ఎలా ఉందో ఆధార్‌లోనూ, బ్యాంకు పాస్‌బుక్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది కదా, దరఖాస్తులు ఆగేది ఎక్కువగా అక్కడే. ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్పించు, మెమోని మార్చబోకు. ఇంటర్‌లో తెరిచిన మైనర్ ఖాతా అయితే పద్దెనిమిది నిండగానే బ్యాంకుకెళ్లి కేవైసీ ఇచ్చి మేజర్ ఖాతాగా మార్పించు, ఆధార్ సీడింగ్, అంటే ఖాతాకి ఆధార్ కలపడం, అయిందో లేదో అక్కడే అడుగు. ఆదాయం సర్టిఫికెట్ ఈ ఏడాదిది మీసేవలో తీయించాలి.

ఆన్‌లైన్‌లో పంపడంతో పని అయిపోదు. ప్రింటు, జిరాక్సులు కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి, మీసేవలో వేలిముద్ర వేయాలి, ప్రిన్సిపల్ లాగిన్ నుంచి ముందుకు కదిలిందో లేదో రెండు వారాలకోసారి స్టేటస్ చూసుకోవాలి. ఏటా రెన్యువల్ కూడా ఉంటుంది, దానికీ హాజరు అడుగుతారు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ నిన్నే అడగొచ్చు. అప్పుడు కంగారుపడకుండా కట్టిన ప్రతి రూపాయి రసీదూ ఒక ఫైల్లో పెట్టుకో.

టీసీ కాలేజీలో ఉంటుంది. మెమోల్లాంటి ఒరిజినల్స్ సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఏదైనా ఇవ్వాల్సి వస్తే ఏమేమి ఇచ్చావో రాయించి సంతకం, ముద్ర ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి నీ మెయిల్‌కీ, మీ అన్న మెయిల్‌కీ పంపించు. అయిదేసి జిరాక్సులు, ఇరవై పాస్‌పోర్టు ఫొటోలు దగ్గర పెట్టుకో, మొదటి నెలలోనే సగం అయిపోతాయి. హాల్‌టికెట్ నంబరు రాగానే కంఠతా పట్టు. అందులో మొదటి రెండంకెలు చేరిన ఏడాది, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత వచ్చే 1ఏ రెగ్యులర్ బీటెక్‌కి, డిప్లొమా నుంచి రెండో ఏడాదిలో చేరేవాళ్లకి అక్కడ 5ఏ ఉంటుంది. చివర్లో బ్రాంచి, నీ వరుస సంఖ్య.

హాస్టల్‌కి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఖాళీ చేస్తే ఎంత తిరిగిస్తారు, మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఈ మూడూ రసీదు మీదే రాయించు. గది చూడటానికి సాయంత్రం వెళ్లొద్దు, పొద్దున ఏడింటికి వెళ్లు. బాత్‌రూమ్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో, ఎంతమంది క్యూలో ఉన్నారో అప్పుడే తెలుస్తుంది. బస్సుకి ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి ఉచిత జీరో టికెట్ ఉంది, ఆధార్ వెంట ఉంచుకో. ఊరికొచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎక్కు, సూపర్ లగ్జరీకి అది చెల్లదు.

ల్యాప్‌టాప్ కోసం మీ బాపుని ఇప్పుడే తొందరపెట్టకు. మొదటి సెమిస్టర్ సీ ప్రోగ్రామ్‌లకి కాలేజీ ల్యాబ్ చాలు. కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది చూడు. గేటు దగ్గర నిలబడి సర్టిఫికెట్ కోర్సులు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ వేలు అడిగేవాళ్లు ఉంటారు. మొదటి ఏడాదిలో వాళ్లకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ర్యాగింగ్ జోలికి పోనని నువ్వూ, పోనివ్వనని మీ బాపూ ఆన్‌లైన్‌లో అఫిడవిట్ ఇవ్వాలి. సీనియర్లతో పరిచయం మంచిదే, పాత పేపర్లు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. హద్దు దాటితే మాత్రం యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చెయ్, రాత్రయినా పగలైనా పలుకుతారు. ఆ తర్వాత నాకు చెయ్.

టైమ్‌టేబుల్ ఇచ్చిన రోజే ఫొటో తీసి పంపించు. ఏ వారం ఊరికి రావచ్చో, ఏ వారం రాకూడదో మీ అమ్మకి నేను చెబుతాను. లేకపోతే ప్రతి శుక్రవారం ఆమే ఫోన్ చేసి రమ్మంటుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ