ఆ ముప్పావుగంట సంగతి

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మీ అక్క కొడుకు గురించి రాయాలనుకోవడం మంచిదే కాని, తొమ్మిది పేజీలలో ఏడు పేజీలు ఆసుపత్రి వరండాలో అందరూ ఏడ్చిన ఆ ఒక్క సాయంత్రానికే సరిపోయాయి. వాడికిప్పుడు రెండేళ్లు. ఈ రెండేళ్లలో మీ అక్క చేసిన పని ఏదీ అందులో లేదు. వాడి పేరు కూడా లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక కథలో అటువంటి పిల్లవాణ్ణి దేవుడు పంపిన అమాయకుడిగా చిత్రించి, చివర సముద్రం ఒడ్డున నవ్విస్తూ నిలబెట్టాను. ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తల్లి వెతుక్కుంటూ వచ్చి, "మీ కథలో పిల్లాడికి ఆకలి వేయదా అండీ? మావాడికి పాలు తాగడానికే ముప్పావుగంట పట్టేది" అన్నది. నాకు నోట మాట రాలేదు.

నీవు ఆ ముప్పావుగంట దగ్గర మొదలుపెట్టు. ఈ పిల్లలకు కండరాల బిగువు తక్కువ కనుక పాలు గట్టిగా చప్పరించలేరు. తల కాస్త ఎత్తుగా ఉంచి, గడ్డం కింద వేలు ఆనిస్తే కొందరికి తేలికవుతుంది. పాలు తాగుతూ చెమట పట్టి ఆయాసపడుతుంటే మాత్రం కారణం గుండెలో ఉండవచ్చు. వీరిలో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది కాబట్టి, పైకి ఏమీ తెలియకపోయినా తొలి వారాలలోనే ఎకో, అంటే గుండె స్కాన్, తీయిస్తారు. థైరాయిడ్ పరీక్ష పుట్టగానే, ఆరో నెలలో, ఏడాదికి, ఆపైన ఏటా ఉంటుంది. వీటిని పట్టికలాగా రాయకు. ఎకో గది బయట కూర్చున్న మీ అక్క ఆ గంటసేపు ఏం చేసిందో కనుక్కొని రాయి.

ఫిజియోథెరపీ 'త్వరగా నడిపించడానికి' అని రాశావు. అది సరికాదు. ఈ పిల్లలు సగటున రెండేళ్ల ప్రాంతంలో నడుస్తారు, కొందరికి మూడు కూడా దాటుతుంది. కీళ్లు వదులుగా ఉండడం వల్ల కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వెనక్కి బిగించి నిలబడడానికి అలవాటు పడతారు. ఆ అలవాటు ముదరక ముందే సరైన తీరు నేర్పడమే అక్కడ జరిగే పని. బోర్లా వేసి ఆడించడం, కూర్చున్నప్పుడు నడుము దగ్గర చేయి ఆనించడం, బీచ్ రోడ్డు గట్టు పట్టించి పక్కకు అడుగులు వేయించడం అన్నీ దాని కోసమే. ఈ సాయం జిల్లాలలో ఉచితంగా అందించడానికే 2013లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు.

గ్రహణం వల్లే ఇలా పుట్టాడని మీ అమ్మమ్మ చెప్పిన మాట ఉంచు, అది మన ఇళ్లలో వినబడేదే. కాని జవాబు లేకుండా వదిలివేయకు. ఒంట్లోని కణాలలో వంశలక్షణాలను మోసే క్రోమోజోములలో 21వది రెండుకు బదులు మూడు ఉండడమే కారణమని 1959లోనే తేలింది. నూటికి తొంభై ఐదు కేసులలో అది కణ విభజనలో జరిగిన పొరపాటే తప్ప, తల్లి తిన్నదాని వల్లనో తిరిగినదాని వల్లనో కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందన్నది నిజమే, అయినా మీ అక్కకు అప్పుడు ఇరవై ఆరే కదా.

ఇక మీ తాతగారు వాణ్ణి "పిలిస్తే పలకడు, మొండివాడు" అన్నారని రాశావు. ఈ పిల్లలు పలకగలిగినదాని కంటే చాలా ఎక్కువ అర్థం చేసుకుంటారు. అందుకే మాట వచ్చేదాకా ఆగకుండా దణ్ణం, టాటా, 'ఇంకా కావాలి' వంటి సైగలు నేర్పుతారు. సైగలు నేర్పితే మాట వెనకబడుతుందన్న భయం అనవసరం. అయితే వీరి చెవి దారులు సన్నగా ఉంటాయి, కర్ణభేరి వెనుక నీరు చేరడం కూడా ఎక్కువ. వాడు పలకకపోవడానికి మొండితనం కాక వినికిడి కారణం కావచ్చు. వ్యాసం తిరగరాయడానికి నెల పట్టినా పరవాలేదు, చెవి పరీక్ష సంగతి మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే మీ అక్కకు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు